నాకేం కాలేదు

హైదరాబాద్‌లో వీకెండ్ రాత్రుళ్లు డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్ దగ్గర కాసేపు నిలబడితే ఒకే మాట రకరకాల గొంతుల్లో వినిపిస్తుంది. "నాకేం కాలేదు సార్, రెండు బీర్లే." ఈ మాట చెప్పేవాళ్లంతా అబద్ధాలకోర్లని నేననుకోను. చాలామందికి నిజంగానే ఏం కాలేదనిపిస్తుంది. "నేనెలా ఉన్నాను?" అని లోపలికి తొంగిచూసి చెప్పాల్సిన బుర్రకే ముందు మత్తెక్కుతుంది మరి. అందుకే పోలీసాయన వాదన పెట్టుకోడు. మెషిన్ మూతి దగ్గర పెట్టి ఊదమంటాడు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు.

ఏడాదిగా విమాన ప్రమాదాల మీద, పైలట్ల శిక్షణ మీద దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ, ఆకాశంలో భద్రత అనేదాన్ని చాలావరకు ఈ ఒక్క వాక్యాన్ని నమ్మకపోవడం మీదే కట్టుకొచ్చారనిపిస్తోంది.

ఆక్సిజన్ సంగతే తీసుకోండి. మిలిటరీ పైలట్లకి ఒక శిక్షణ ఉంటుంది. మూసిన గదిలో కూర్చోబెట్టి, బాగా ఎత్తున ఉన్నట్టు గాలి పలచబరిచి, మాస్కు తీయించి, చిన్న చిన్న కూడికలు చెయ్యమంటారు, పేరు రాయమంటారు. మనిషికి ఊపిరాడనట్టేం ఉండదు. హాయిగా, కొంచెం నవ్వొచ్చేట్టు ఉంటుంది. లెక్కలు బ్రహ్మాండంగా చేస్తున్నాననే అనుకుంటాడు. మాస్కు మళ్లీ పెట్టాక తన కాగితం తనే చూసుకుంటే కోడి కెలికినట్టు ఉంటుంది. ఆ కాగితం చూపించడమే ఆ శిక్షణ అసలు ఉద్దేశం.

గదిలో అయితే కాగితంతో పోతుంది. 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నాకా నుంచి ఏథెన్స్ వెళ్తున్న హీలియోస్ 522 విమానంలో క్యాబిన్ ప్రెషర్ స్విచ్ ఆటోలో ఉండాల్సింది మాన్యువల్‌లో ఉండిపోయింది. పైకి వెళ్తుంటే హారన్ మోగింది. అదే హారన్ నేలమీద ఉన్నప్పుడు వేరే హెచ్చరికకి కూడా వాడతారు. పైలట్లు అదేననుకున్నారు. ఆ తికమకలో ఉండగానే ఆక్సిజన్ తగ్గి స్పృహ తప్పారు. విమానంలోని 121 మందీ చనిపోయారు. ప్రెషర్ హెచ్చరిక వస్తే ముందు మాస్కు, తర్వాతే ఆలోచన అని పైలట్లకి అంత గట్టిగా నూరిపోసేది ఇందుకే. ఆలోచించే బుర్రనే అప్పుడు నమ్మడానికి లేదు కదా.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. విమానాలతో నాకున్న సంబంధం విండో సీటు వరకే. ఈ చదువంతా ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ వల్ల. పేరు రాయను, మామ అంటాను. హాస్టల్లో అందరం అందర్నీ అలాగే పిలుచుకునేవాళ్లం. మామ ఎనిమిదేళ్లుగా డెన్వర్ దగ్గర ఉంటున్నాడు. మా అందరిలాగే సర్వర్ల ఉద్యోగం, మా వాళ్లు చాలామందిలాగే గ్రీన్ కార్డ్ క్యూ. పోయినేడాది చిన్న సెస్నా విమానంలో ఫ్లయింగ్ క్లాసులు మొదలుపెట్టాడు. రాకీ పర్వతాల మీద పొద్దున ఏడింటి వెలుతురు వీడియోలు పంపేవాడు. లైసెన్స్ వచ్చాక మొదటి ప్యాసింజర్‌వి నువ్వేరా అన్నాడు.

మామకి ఇంకో అలవాటు కూడా ఉంది. శుక్రవారం రాత్రి ఒక గమ్మీ. కొలరాడోలో అది దాచుకునే విషయం కాదు. 2012లో అక్కడి జనం ఓటేసి గంజాయిని చట్టబద్ధం చేసుకున్నారు, 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. స్వీటు షాపులాంటి కొట్టు, గాజు అల్మారాలు, డబ్బా మీద ఎన్ని మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉందో ప్రింటు. కానీ అది రాష్ట్ర చట్టం. ఆకాశం ఫెడరల్ ప్రభుత్వానిది. ఆ ప్రభుత్వం లెక్కలో గంజాయి సరదాగా తినేది కానేకాదు.

ఈ రెండూ ఒక ఫారం దగ్గర ఎదురుపడ్డాయి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నంతకాలం మెడికల్ సర్టిఫికెట్ లేకపోయినా నడుస్తుంది. ఒక్కడే ఎగరాలంటే మాత్రం కావాలి. దానికి ఎఫ్ఏఏ వాళ్ల అప్లికేషన్ నింపాలి. అందులో, గత రెండేళ్లలో చట్టవిరుద్ధమైన మత్తు పదార్థం ఏదైనా వాడారా అన్న అర్థంలో ఒక ప్రశ్న ఉంటుంది. అవునంటే మెడికల్ అక్కడే ఆగిపోవచ్చు. పైగా గ్రీన్ కార్డ్ రాని మనిషి గంజాయి వాడానని ఫెడరల్ కాగితం మీద ఒప్పుకుంటే ఇమ్మిగ్రేషన్‌లో పెద్ద తంటా. లేదంటే అది ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం. రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు అని ఆ ఫారం మీదే ఉంటుంది.

"ఏం టిక్ పెట్టాలి మామా?" అని వాట్సాప్‌లో అడిగాడు. ప్రశ్నలా అడిగాడు గానీ జవాబు ముందే అనుకున్నాడని అర్థమైంది.

వాడి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. అమెరికాలో పైలట్ బీరు తాగాక ఎనిమిది గంటలు ఆగితే చాలు. రక్తంలో ఆల్కహాల్ 0.04 శాతానికి లోపు ఉండాలి, మత్తు ప్రభావం ఉండకూడదు, అంతే. "నేను శుక్రవారం రాత్రి తింటా, ఆదివారం పొద్దున ఎగురుతా. ముప్పై గంటల పైనే. తాగినోడు ఎనిమిది గంటలకి ఎక్కొచ్చు, నేనెక్కకూడదా? ఇది సేఫ్టీనా, పాతకాలం పంతమా?"

ఇక్కణ్ణుంచి నేను చదవడం మొదలుపెట్టాను.

ముందు తెలిసింది, ఆల్కహాల్‌ని కొలవగలం. లివర్ దాన్ని ఇంచుమించు ఒకే వేగంతో ఖాళీ చేస్తుంది. ఊపిరిలో ఎంతుందో చూస్తే రక్తంలో ఎంతుందో, మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చాలావరకు చెప్పొచ్చు. మన డీజీసీఏ అయితే ఇంకా కచ్చితం. పన్నెండు గంటల ముందు నుంచీ చుక్క ముట్టకూడదు, డ్యూటీ ఎక్కే ముందు ఊదితే సున్నా రావాలి. గంజాయికి ఇలాంటి మీటర్ లేదు. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. రక్తంలోంచి కొన్ని గంటల్లోనే చాలావరకు దిగిపోయి, ఒంట్లో కొవ్వున్న చోటల్లా చేరి, అక్కణ్ణుంచి నెమ్మదిగా బయటికొస్తుంది. రక్తంలో ఎంతుందన్న అంకెకీ, మనిషి ఎంత తేడాగా ఉన్నాడన్నదానికీ సరిగ్గా పొత్తు కుదరదు. మూత్రపరీక్షలో దాని ఆనవాళ్లు రోజుల తరబడి, రోజూ వాడేవాళ్లలో వారాల తరబడి కనిపిస్తాయి. కానీ అవి చెప్పేది వాడాడని మాత్రమే. ఇప్పుడు మత్తులో ఉన్నాడా అంటే ఆ పరీక్ష దగ్గర జవాబు లేదు.

మీటర్ లేని చోట ఏం చెయ్యాలి? కెనడా 2018 అక్టోబర్ 17న గంజాయిని దేశమంతా చట్టబద్ధం చేసింది. 2019 జూన్‌లో వాళ్ల రవాణా శాఖ పైలట్లకీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకీ రూలు చెప్పింది. డ్యూటీకి ముందు 28 రోజులు ముట్టకూడదు. మందుకి 12 గంటలు, దీనికి నాలుగు వారాలు. మన దగ్గర 2022 జనవరి 31 నుంచి పైలట్లలో, కంట్రోలర్లలో ఏటా పది శాతం మందికి ఎవరికొస్తుందో తెలియకుండా డ్రగ్ టెస్టులు చేస్తున్నారు. అందులో గంజాయి కూడా ఉంది.

"28 రోజులా! సైన్సు ఎక్కడుంది?" అన్నాడు మామ. సైన్సు ఉంది, కానీ కొంచెమే. 1980ల్లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లైసెన్సున్న పైలట్లకి గంజాయి ఇచ్చి సిమ్యులేటర్‌లో ల్యాండింగ్ చేయించి చూశారు. 1985లో వచ్చిన మొదటి రిపోర్టులో పదిమంది పైలట్లు. పోలిక కోసం ఉత్తుత్తి సిగరెట్ ఇచ్చి చూడలేదని దాని మీద విమర్శ ఉంది. ఆ లోటు సరిచేసి 1991లో ఇంకోటి ప్రచురించారు. అందులో తొమ్మిదిమంది, 20 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న సిగరెట్. పీల్చిన పావుగంటకి, నాలుగు గంటలకి, ఎనిమిది గంటలకి, 24 గంటలకి, 48 గంటలకి పరీక్షించారు. 24 గంటల తర్వాత కూడా తొమ్మిదిమందిలో ఏడుగురిలో ఎంతో కొంత తేడా కనిపించింది. ఆ తేడా తమలో ఉన్నట్టు తెలిసినవాడు ఒక్కడే.

ఈ ఒక్కడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సరదాగా కథల మీద, నవలల మీద రాస్తుంటాను కాబట్టి నాకు తట్టింది ఉత్తమ పురుషలో నడిచే కథలు. "నేను" అని కథ చెప్పేవాడి మాట ఎంతవరకు నమ్మాలి అన్నది పాఠకుడికి ఎప్పుడూ ఉండే ప్రశ్న. కథకుడు మనల్ని మోసం చెయ్యక్కర్లేదు. వాడికే తన సంగతి తెలియకపోవచ్చు. అలాంటప్పుడు పక్క పాత్రలేమంటున్నాయో, సంఘటనలేం చెప్తున్నాయో చూసి మనం నిజం లాగుతాం. కాక్‌పిట్‌లో చెక్‌లిస్టు, కో-పైలట్, రికార్డర్ చేసేది ఆ పనే. విమానం ఎక్కేముందు పైలట్ తనని తాను అడగాల్సిన ప్రశ్నలకి ఇంగ్లిష్‌లో "ఐయామ్ సేఫ్" అనే అక్షరాలతో ఒక గుర్తు పెట్టుకున్నారు. జబ్బు, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, మనసు బాగోలేకపోవడం. "నేను బాగానే ఉన్నానా?" అని ఒకే ప్రశ్న అడిగితే జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. అందుకే దాన్ని ఆరు ముక్కలు చేశారు.

"తొమ్మిదిమందిని చూసి కోట్లమందికి రూలు పెడతారా?" అన్నాడు మామ. అభ్యంతరం సరైనదే. ఆ పైలట్లు పీల్చారు, వీడు తింటాడు, అది వేరు. తిన్నది నెమ్మదిగా ఎక్కి ఎక్కువసేపు ఉంటుంది. అసలు తేడా ఎన్ని గంటలుంటుందో ఈ చిన్న అధ్యయనాలతో తేలదు. కాకపోతే తేలనప్పుడు ఎటు మొగ్గాలి అన్నదే ఇక్కడ ప్రశ్న. ప్రమాదమని రుజువయ్యేదాకా చెయ్యొచ్చు అనేది ఒక పద్ధతి. ప్రమాదం లేదని రుజువయ్యేదాకా చెయ్యకూడదు అనేది ఇంకోటి. 1986 జనవరిలో ఛాలెంజర్ షటిల్ ఎగరడానికి ముందు రాత్రి, చలికి రబ్బరు రింగులు పని చెయ్యకపోవచ్చని ఇంజనీర్లు మొత్తుకున్నారు. ప్రమాదమని రుజువు చెయ్యమన్నట్టుగా మాట్లాడారు పైవాళ్లు. ఆ రాత్రి భారం అటునుంచి ఇటు మారింది. మర్నాడు ఏడుగురు పోయారు.

మామకి ఇది కొత్త కాదు. కాన్ఫిగ్‌లో ఒక లైను మార్చడానికి ఇద్దరి అప్రూవల్ కావాలని జూనియర్ల మీద విసుక్కునే మనిషి వాడు. "నా మెషిన్‌లో పని చేస్తోంది" అన్నవాణ్ణి మీటింగ్‌లోనే ఏడిపిస్తాడు. మా పనిలో తప్పు జరిగితే పాత వర్షన్‌కి వెనక్కెళ్తాం. ల్యాండింగ్‌లో రన్‌వే తప్పితే ఏ వర్షన్‌కి వెళ్తాం?

ఇక్కడ ఒక మాట. మన ఇళ్లలో గంజాయి అంటే ముందు వచ్చేది క్యారెక్టర్ ప్రశ్న. మంచివాడి గురించి చెప్పాలంటే కూడా "గంజాయి వనంలో తులసి మొక్క" అంటాం. విశాఖ మన్యంలో పోలీసులు తోటలు నరికిస్తున్న వార్త, బస్సులో మూటతో దొరికిన గిరిజన కుర్రాడి ఫొటో, పబ్బులో దొరికిన పెద్దింటి పిల్లల పేర్లు, ఇవన్నీ కలిసి ఆ మాట వినగానే మనకి మనిషి మీద తీర్పు ఇవ్వాలనిపిస్తుంది. పైలట్ల రూలుని కూడా అలాంటి తీర్పే అనుకున్నాడు మామ. మొదట్లో నేనూ అదే అనుకున్నా. ఒక లెక్క చూశాక మారాను. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ, 1990 నుంచి 2012 దాకా ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల ఒంట్లో ఏమేం దొరికాయో 2014లో ఒక రిపోర్టు వేసింది. చురుకుదనం తగ్గించగల వాటిలో అన్నింటికంటే ఎక్కువగా దొరికింది డైఫెన్‌హైడ్రమిన్. మనం దగ్గొస్తే తాగే బెనడ్రిల్‌లో ఉండేది. జలుబుకి, ఎలర్జీకి, నిద్రకి ఎవరైనా కొనుక్కునేది. అది వేసుకుంటే 60 గంటలు ఎగరొద్దంటుంది ఎఫ్ఏఏ. జలుబు చేసినవాడి క్యారెక్టర్‌ని ఎవరూ అనుమానించరు. అయినా ఎక్కనివ్వరు.

ఇదంతా చెప్పినా మామ మెత్తబడలేదు. ఫారంలో "లేదు" అని పెట్టేస్తా, తర్వాత మానేస్తా, ఎవడికి తెలుస్తుంది అన్నాడు. అప్పుడు వాడికి మేరీలాండ్ రైలు ప్రమాదం గురించి రాశాను.

1987 జనవరి 4. ఛేస్ అనే ఊరి దగ్గర కాన్‌రైల్ వాళ్ల ఇంజన్లు మూడు, కలిపి వెళ్తున్నాయి. ఆగమన్న సిగ్నల్ దాటి మెయిన్ లైన్ మీదికొచ్చేశాయి. వెనక నుంచి ఆమ్‌ట్రాక్ రైలు గంటకి వంద మైళ్లకి పైగా వేగంతో వచ్చి గుద్దింది. 16 మంది చనిపోయారు. ఇంజన్లు నడుపుతున్న ఇద్దరూ గంజాయి తాగారని తేలింది. రవాణా రంగంలో పనిచేసేవాళ్లకి చెప్పాపెట్టకుండా డ్రగ్ టెస్టులు చేసే చట్టం 1991లో రావడానికి ఈ ప్రమాదం పెద్ద కారణం. దర్యాప్తులో ఇంకో సంగతి కూడా బయటపడింది. సిగ్నల్ మారినప్పుడు క్యాబిన్‌లో కూయాల్సిన విజిల్ మీద ఎవరో టేపు అంటించారు. మోత ఎక్కువై చెవులు చిల్లులు పడుతున్నాయని కావచ్చు. గంజాయి ఆ ఒక్క రోజుది. టేపు మాత్రం ఎవరో తీరిగ్గా, నిదానంగా, మామూలు బుర్రతో అంటించింది.

"నువ్వు 'లేదు' అని పెట్టే టిక్కు ఆ టేపు మామా" అని రాశాను. "గమ్మీ సంగతి తర్వాత."

రెండు రోజులు జవాబు లేదు. తర్వాత వచ్చింది పెద్ద మెసేజ్. అందులో నన్ను ఇరుకున పెట్టిన మాట ఒకటుంది. "టేపు సరే. మరి విజిల్ మోగించినోణ్ణి ఉద్యోగంలోంచి పీకేస్తే, తర్వాతోడు టేపు అంటించడా?"

వాడన్నది నిజం. విమానయానంలో గొప్ప విషయం రూళ్లు ఒక్కటే కాదు, తన తప్పు తను చెప్పుకునే ధైర్యం ఇవ్వడం కూడా. నాసా 1976 నుంచి నడుపుతున్న రిపోర్టింగ్ పద్ధతిలో పైలట్లు తమ పొరపాట్లని పేరు బయటికి రాకుండా రాసి పంపొచ్చు. తాగుడుకి బానిసైన పైలట్లకి వైద్యం చేయించి, కనిపెట్టుకుని ఉండి, మళ్లీ ఎగరనిచ్చే కార్యక్రమం 1970ల నుంచీ ఉంది. 1990 మార్చి 8న ఫార్గో నుంచి మినియాపొలిస్‌కి నార్త్‌వెస్ట్ విమానాన్ని ముగ్గురు పైలట్లు తాగి నడిపి దొరికారు. ముగ్గురికీ జైలు. ఆ కెప్టెన్ తాగుడు మానేసి, కింది మెట్టు నుంచి లైసెన్సులన్నీ మళ్లీ తెచ్చుకుని, అదే కంపెనీలో 747 కెప్టెన్‌గా రిటైరయ్యాడు. అలాంటి దారి అన్నింటికీ లేదు. 2023 అక్టోబర్ 22న కాక్‌పిట్‌లో అదనపు సీట్లో కూర్చున్న, డ్యూటీలో లేని పైలట్ ఒకడు 80 మందికి పైగా ఉన్న విమానం ఇంజన్లు ఆపబోయాడు. రెండు రోజుల ముందు మత్తు పుట్టగొడుగులు తిన్నాడు. స్నేహితుడు పోయిన దుఃఖంలో, డిప్రెషన్‌లో ఉన్నాడు. మనసు బాగోలేదని డాక్టర్ దగ్గరికెళ్తే లైసెన్స్ పోతుందేమోనన్న భయం పైలట్లలో ఎంత లోతుగా ఉందో ఆ కేసు తర్వాత బయటివాళ్లు కూడా మాట్లాడుకున్నారు. నిజం చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి సీటు అయితే, ఆ ఫారం మనుషులకి దాచడమే నేర్పిస్తుంది. మామ అడిగినదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదని వాడికే చెప్పాను.

జవాబు లేకపోయినా వాడి ముందు దారి మాత్రం ఒకటుంది. ఆ ఫారం ఇప్పుడే నింపాలని ఎవరూ పట్టుబట్టడం లేదు. గమ్మీ మానేసి రెండేళ్లు ఆగితే ఆ ప్రశ్నకి "లేదు" అన్నదే నిజం అవుతుంది. అంతదాకా ఒంటరిగా ఎగరడం ఉండదు, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, అంతే తేడా. ఇది రాసి ఊరుకున్నా.

ఆ వారం చివర్లో మామ మా చాట్ స్క్రీన్‌షాట్లు నాకే పంపాడు. ఫ్లయింగ్ క్లాసుల్లో మొదటి నెలలోనే నేర్పే పాఠం ఒకటుంది. పైలట్ని ముంచే ఐదు స్వభావాలు. రూలంటే గిట్టకపోవడం, తొందరపాటు, నాకేం కాదనుకోవడం, చూపించుకోవాలన్న ఆరాటం, చేతులెత్తేయడం. అవి అట్టముక్కల మీద రాసుకుని బట్టీ పట్టానని ఎప్పుడో ఫొటో కూడా పెట్టాడు. ఇప్పుడు స్క్రీన్‌షాట్లలో తన మెసేజ్‌ల పక్కన ఎర్ర ఇంకుతో అంకెలు వేశాడు. "పాతకాలం పంతమా?" పక్కన 1. "ఎవడికి తెలుస్తుంది" పక్కన 3. "పెట్టేస్తా, తర్వాత మానేస్తా" పక్కన 2. ఇంకో 3. మళ్లీ 3. నా మెసేజ్‌లు వేటికీ అంకెలు వెయ్యలేదు. కింద ఒక్క మాటే. "పరీక్షలో వందకి వంద వచ్చింది మామా నాకు ఇందులో."

ఆర్నెల్లయింది. మానేశానంటాడు. ఇన్‌స్ట్రక్టర్‌తోనే ఎగురుతున్నాడు. డబ్బు దండగని వాళ్లావిడ అంటోందట. నేను వాడి మాట నమ్ముతాను, పద్దెనిమిదేళ్ల స్నేహం కాబట్టి. అయితే స్నేహితుడి మాట నమ్మడానికీ, వాడి పక్క సీట్లో బెల్టు పెట్టుకోవడానికీ మధ్య కొంత దూరం ఉండాలని ఈ చదువంతా నాకు నేర్పింది.

రెండేళ్లు నిండాక మెడికల్, సోలో, ఆ తర్వాత లైసెన్స్ పరీక్ష. అప్పుడు వస్తావా అని మొన్న మళ్లీ అడిగాడు. వస్తా అన్నాను. విమానం పక్కన నిలబెట్టి, ఆఖరిసారి ఎప్పుడు తిన్నావ్, రాత్రి ఎంతసేపు పడుకున్నావ్, జలుబుకి ఏమైనా వేసుకున్నావా అని అడుగుతాను. కోప్పడకుండా చెప్తే ఎక్కుతా అన్నాను. కాసేపాగి, "నువ్వడగకపోతే నేనే ఎక్కించుకోను లేరా" అన్నాడు.